నెమలి మెడ

మహబూబ్ బాషా ఎమ్మిగనూరులో రెండో నిఖా చేసుకున్నాడని తెలిసిన రోజు సైదా బీ ఏడవలేదు. పొయ్యి వెలిగించి, అన్నం వండుకుని, తిని పడుకుంది. వారం తిరక్కముందే అతను ఆదోనిలో ఇంటి ముందర ఒంటెద్దు బండి ఆపి, అట్టలు కొట్టే ఉక్కు పలకలు అందులోకి ఎత్తుతున్నప్పుడు మాత్రం ఆమెకు ఒళ్లంతా భగ్గుమంది.

"బట్టలు తీసుకపో. గిన్నెలు తీసుకపో. పలకల మీద చెయ్యి పెట్టొద్దు," అంది వాకిలికి అడ్డంగా నిలబడి.

"సామాను నాది. షోలాపూరు మిల్లులో చాకిరీ జేసి తెచ్చుకున్న సామాను. మీ నాయన దూదేకే విల్లుతో పాటు కట్టిచ్చినాడా యేమి?"

"తెచ్చింది నువ్వు. ఇన్నేండ్లు కొట్టింది ఎవురు?"

"దారం కుట్టేదానికి ఎంత నోరొచ్చె," అంటూ ఆమెను భుజంతో పక్కకు నెట్టి, పలకలు, పంచులు, సుత్తి, గళ్ల కాగితాల చుట్టలు అన్నీ బండికెక్కించాడు. ఆమె చూస్తూ చూస్తూ బండి దగ్గరికి వచ్చి, అట్టలు కుట్టే దారం ఉండలు దోసిలి నిండా తీసి పక్కనున్న మురికి కాలవలో వేసింది. అతను నవ్వాడు. "దారం యాడైనా దొరుకుతాది," అని ఎద్దును అదిలించాడు.

అది ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది. ఆదోని గాలిలో ఎప్పటిలాగే పత్తి నూగు తేలుతోంది. వీధిలో ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి అంతా చూశారు. ఒక్కరూ దిగి రాలేదు. సైదా బీ వాళ్లవైపు తిరిగి, "చూసింది చాలు, పోండి," అని తలుపు వేసుకుంది.

ఆ మొగుడూ పెళ్లాం చేసిన పని ఎలాంటిదో చెబితే గానీ ఆమె కోపం అర్థం కాదు. ఎమ్మిగనూరు నేతగాళ్ల ఊరు. అక్కడి దుప్పట్ల మీద పువ్వులూ ఏనుగులూ రావాలంటే మగ్గం నెత్తిన జకార్డు అనే పెట్టె ఉండాలి. ఏ పోగు లేపాలో, ఏది వదిలేయాలో ఆ పెట్టెకు చెప్పేవి అట్టలు. అట్టకు చిల్లు ఉన్నచోట సూది దూరి పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. పేక, అంటే అడ్డపోగు, ఒకసారి ఆడడానికి ఒక అట్ట. అలాంటి అట్టలు వందలు దండలాగా కుట్టి వేలాడదీస్తే, ఆ దండ ఒక చుట్టు తిరిగేసరికి గుడ్డ మీద బొమ్మ పూర్తవుతుంది. దానికి ముందు బొమ్మను గళ్ల కాగితం మీద గీసి, ఎర్రసిరాతో గళ్లు నింపాలి. ఆ గళ్లు చదువుకుంటూ అట్టను రెండు ఉక్కు పలకల మధ్య బిగించి చిల్లులు కొట్టాలి.

మహబూబ్ బాషా ఏ సావుకారి కిందా జీతానికి చేరలేదు. "నేను ఎవుని కాడికీ పోను. పనే నా కాడికి వస్తాది," అనేవాడు. కొత్త మనిషి ఎదురైతే చాలు, అడగకపోయినా తన చరిత్ర మొదలుపెట్టేవాడు. "షోలాపూరు మిల్లులో డిజైను ఖాతాలో చేసినా. చిన్న జకార్డు, పెద్ద జకార్డు, డాబీ, అంచు బొమ్మ, నడిమి బొమ్మ, గుడ్డలో పేరు నేసేది, యాదడిగినా చేసిస్తా." నిజానికి ఆ విభాగంలో అతను మొదట చాయ్ అందించాడు, తర్వాత సిరా కలిపాడు, చివరి ఏడాది మాత్రమే కాగితం ముందు కూర్చున్నాడు. అయినా అతని చేతిలో మాత్రం అబద్ధం లేదు. అతను ఏనుగును గీస్తే తొండం కదులుతున్నట్టే ఉండేది.

సైదా బీ దూదేకుల ఇంటి పిల్ల. పెళ్లయిన కొత్తలో అట్టలను దారంతో దండ కుట్టేది. తర్వాత సుత్తి చేతికి వచ్చింది. ఆ తర్వాత గళ్లు చదవడం వచ్చింది. ఆపైన, ఇంట్లో ఎవరూ పైకి అనని ఒక పని ఆమె మీద పడింది. మహబూబ్ బాషాకు కాగితం మీద బొమ్మ కనిపించేది, రేపు నేయబోయే గుడ్డ కనిపించేది కాదు. ఏనుగు కడుపు కడుపంతా ఎర్రసిరా పూసేసేవాడు. అదే అట్టలకెక్కితే పోగు జానెడు పొడుగున ఎక్కడా పట్టు లేకుండా గుడ్డపైన తేలుతుంది. గాజు తగిలినా, మెట్టె తగిలినా లాగుకొస్తుంది. చిన్నప్పటినుంచీ పత్తిలో పెరిగిన సైదా బీకి అది చూడగానే తెలిసిపోయేది. నడుమ నడుమ ఒక్కో చిల్లు కొట్టకుండా వదిలేసేది. ఆ వదిలిన చోట పోగు కిందికి మునిగి గుడ్డను పట్టుకుంటుంది. వాటికి ఆమె కట్టుచుక్కలని పేరు పెట్టుకుంది. బొమ్మ చెడకుండా ఎక్కడ వదలాలన్నదే అందులో కష్టం. మహబూబ్ బాషా చూసీ చూడనట్టు ఉండేవాడు. ఏనుగు గుడ్డ మీద నిలబడింది కదా, ఎవరు నిలబెట్టారని అడిగే అలవాటు అతనికి లేదు.

పిల్లలు లేరని రెండో పెళ్లి చేసుకున్నానని అతను ఊళ్లో చెప్పుకున్నాడు. ఆ రెండో భార్య అమీనా బీకి ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో సొంత ఇల్లు ఉంది, అదీ కారణమని సైదా బీ అనుకుంది.

పలకలు పోయిన నెలలోనే ఆమె బస్సెక్కి ఎమ్మిగనూరు పోయింది. అక్కడ వెంకటేశులు పెద్ద నేత సావుకారి. ఊరంతా మగ్గాలకు నూలు ఇచ్చి దుప్పట్లు నేయించుకునేవాడు. సొంత షెడ్డు కూడా ఉంది. ఆమె పోయేసరికి షెడ్డు వాకిట్లో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"వెంకటేశులన్నా, ఆదోని నుంచి వచ్చినా. మహబూబ్ బాషా ఇంటిదాన్ని."

"ఏ ఇంటిదానివి?" అన్నాడు వెంకటేశులు. మగ్గాల దగ్గర ఉన్నవాళ్లు నవ్వారు.

"మొదటి ఇంటిదాన్ని. పని అడగను వచ్చినా. అట్టలు కొడతా, కుడతా, గళ్ల కాగితం చదువుతా. ఆడ నడుస్తాండే ఏనుగంచు నేను కొట్టిందే. తామరపూల దుప్పటి నేను కొట్టిందే."

"మాకు అవి మహబూబ్ బాషా ఇచ్చినాడే?"

"ఇచ్చింది ఆయప్ప. కొట్టింది నేను."

"కొడతాంటే ఎవురు జూసినారు?"

తలుపు వేసుకుని చేసిన పనికి సాక్షులు ఎక్కడ దొరుకుతారు. వెంకటేశులు లోపలికి కేకేశాడు. మహబూబ్ బాషా ఆ రోజు షెడ్డులోనే ఉన్నాడు. వేళ్లకంటిన ఎర్రసిరా గుడ్డకు తుడుచుకుంటూ బయటికి వచ్చి, ఆమెను చూసి ఆగిపోయాడు.

"ఏమప్పా, నీ పనంతా తనదే అంటాది మీ ఆడమనిషి."

"దీపం బట్టుకునింది, దారం కుట్టింది. అంతే అన్నా. కావాలంటే ఇప్పుడే తేల్సుకుందాం." మహబూబ్ బాషా లోపలికి పోయి ఒక గళ్ల కాగితం, పెన్సిలు తెచ్చి బెంచీ మీద పెట్టాడు. "ఏదీ, ఒక చిలకను గీయి."

మగ్గాలన్నీ ఆగాయి. సైదా బీ పెన్సిలు వైపు చూసింది. ముట్టుకోలేదు.

"గీసేది నాకు రాదు," అంది. "నువ్వు గీసినదాంట్లో తప్పు బట్టేది వస్తాది. ఏనుగు ఒళ్లంతా సిరా పూసి పెడతాంటివే, ఆ పోగులు నిలబడేట్టు ఎవురు జేసినారో నీకు తెల్సు."

"విన్నారా, తప్పు బడతాదంట." మహబూబ్ బాషా షెడ్డు మొత్తానికీ వినిపించేట్టు అన్నాడు. ఈసారి అందరూ నవ్వారు.

వెంకటేశులు చెయ్యి ఊపాడు. "పో తల్లీ. మొగుడూ పెండ్లాల కొట్లాటకు నా షెడ్డే దొరికినాదా? మీరు అరుసుకుంటాంటే నా మగ్గాలు నిలబడిపోతాండాయి."

ఆమె వీధి మలుపు తిరిగేలోపు వెనక నుంచి ఎవరో పిలిచారు. షెడ్డులో నూలు చుట్టడానికి వచ్చే వీరమ్మ. ఇంట్లో ఆమె మొగుడికి సొంత మగ్గం ఉంది.

"మా మగ్గం అట్టలు ఎలుకలు కొరికినాయి," అంది వీరమ్మ. "మీ ఆయప్పను అడిగితే అతుకుల పని జెయ్యను పొమ్మన్యాడు. నువ్వు కొట్టగలవా, లేక ఉత్త మాటేనా?"

"ఇప్పుడే గదా అందరితో పాటు నవ్వినావు."

"అందరూ నవ్వితే నవ్వినా. కొట్టగలవా లేదా సెప్పు."

సైదా బీ ఆమె ఇంటికి పోయి, కొరికిన అట్టల ముక్కలు కొంగులో మూట కట్టుకుని ఆదోని బస్సెక్కింది. కొట్టడానికి పలకలు లేవు. దారి పొడుగునా మహబూబ్ బాషాను తిట్టుకుంటూనే ఉంది.

ఆదోని రైలు స్టేషను వెనక పత్తి మిల్లులో యేసేపు అని ఒక ఫిట్టరు ఉండేవాడు. మొరటు మనిషి. ఆమె చేతిలోని అట్టను తిప్పి చూసి, "దేనికి?" అన్నాడు.

"దీని మాదిరే చిల్లులుండే ఉక్కు పలకలు రెండు కావల్ల యేసేపన్నా."

"ఆడోళ్లకు ఇనుముతో ఏం పని?"

"జెయ్యకుంటే జెయ్యనని సెప్పు. ఇంకొకరి కాడికి పోతా."

"ఇంకోడు జేస్తే చిల్లులు వంకర పోతాయి. ఈడ పెట్టిపో."

అతను చేసిన మొదటి జత కూడా వంకరే పోయింది. వాటితో కొట్టిన అట్టలు వీరమ్మ మగ్గం మీద సూదులకు అడ్డం పడి ఇరుక్కున్నాయి. వీరమ్మ మొగుడు మగ్గం దిగి నోటికొచ్చినట్టు తిట్టాడు. సైదా బీ ఆ తిట్లన్నీ మోసుకొచ్చి యేసేపు మీద పోసింది. యేసేపు తగ్గలేదు. "నువ్విచ్చిన అట్ట తడికి ఉబ్బింది. ఉబ్బిన కొలతకు నేనేం జేసేది? ఎండిన అట్ట తీసుకరా." ఇద్దరూ మిల్లు గేటు దగ్గర నిలబడి దారినపోయేవాళ్లు ఆగి చూసేంతగా అరుచుకున్నారు. చివరికి ఆమె ఎండిన అట్ట తెచ్చింది. రెండో జత సరిగ్గా కుదిరింది.

అలా మొదలైంది ఆమె సొంత పని. ఎలుకలు కొరికినవి, నూనె మరకలకు మెత్తబడినవి, మడత పడి చిరిగినవి, ఏ ఇంట్లో ఏ అట్ట చెడినా సైదా బీ పోయి, దాని పక్క అట్టలు చదివి, మధ్యలో ఏముండాలో తేల్చుకుని కొత్తది కొట్టి ఇచ్చేది. మర్యాద మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మొగుడు వదిలేసిన మనిషని కొన్ని ఇళ్లలో గడప లోపలికి రానివ్వలేదు, అట్టలు బయటికి విసిరి ఇచ్చారు. ఆమె కూడా పనైపోయాక అట్టలు గడప మీద పడేసి వచ్చేది. వీరమ్మ మగ్గానికైతే, వాడి వాడి అరిగిపోయిన పాత ఏనుగంచు దండను మొత్తం కొత్తగా కొట్టి ఇచ్చింది.

సంగతి మహబూబ్ బాషా చెవిన పడింది. ఆమె అట్టలకు మగ్గాలు పాడవుతాయని మొదట ప్రచారం చేశాడు. అది అంతగా పారలేదు. ఒకరోజు వీరమ్మా మొగుడూ సంతకు పోయి ఉండగా నేరుగా వాళ్లింటికి వచ్చి, మగ్గానికి వేలాడుతున్న దండను కత్తితో కోసి, పక్కన మూట కట్టి ఉన్న ఇంకో దండనూ కోసి, రెండింటి అట్టలూ నేల మీద కలిపేశాడు. అడ్డం వచ్చిన వీరమ్మ అత్తతో, "బొమ్మ నాది. దొంగ అట్టలు ఇవి," అని చెప్పి మరీ పోయాడు.

సైదా బీ వచ్చేసరికి నేల కనిపించకుండా అట్టలే. వాటి మీద అంకెలు వేసే అలవాటు అప్పటికి ఆమెకు లేదు. వీరమ్మ గొంతు చించుకుంది. "మీ మొగుడూ పెండ్లాల తగాదా నా కొంపలోకి తెస్తివి. నా మగ్గం ఇప్పుడెట్ల ఆడల్ల?" సైదా బీ కింద కూర్చుంది. ఒక్కో అట్టను వెలుతురుకు పట్టి, చిల్లులు చూసి, ఇది ఏనుగు కాలు, ఇది తామర రేకు, ఇది ఏనుగు చెవి మొదలు, అని రెండు వైపులా పేర్చుకుంటూ పోయింది. చుట్టుపక్కల వాళ్లు వచ్చి చూసి, కాసేపు ఎగతాళి చేసి, విసుగెత్తి వెళ్లిపోయారు. పొద్దు వాలేటప్పటికి రెండు దండలూ మళ్లీ కుట్టి, ఏనుగు దండను మగ్గానికి ఎక్కించింది. ఏనుగు ఎక్కడా తెగకుండా నడిచింది. వీరమ్మ గొణుగుతూనే మజ్జిగ చెంబు తెచ్చి ముందర పెట్టింది.

సైదా బీ మజ్జిగ ముట్టకుండా లేచి అమీనా బీ ఇంటికి పోయింది.

తలుపు తీసింది అమీనా బీ. వయసులో చిన్నది, మాటలో కాదు. "నువ్వు వద్దనుకోనే గదా ఈడికి వచ్చినాడు. మళ్ల వాకిలి తొక్కను సిగ్గు లేదా?"

"నీ మొగుని కోసరం రాలేదు. నువ్వే ఉంచుకో. నా అట్టల మీద చెయ్యి బడొద్దని సెప్పిపోను వచ్చినా."

మహబూబ్ బాషా లోపల నుంచి వచ్చాడు. "ఏ నీ అట్టలు? బొమ్మ నాది."

"చిల్లు నాది."

"చిల్లులు ఎలుక గుడక కొడతాది."

"అయితే నువ్వు కొట్టు. ఆ షెడ్డులో కూచోని అందరి ముందరా ఒక్క దండ కొట్టు. పోగు లేవకుండా, లాగుకపోకుండా. చూస్తా."

అతను ముందుకు వచ్చి ఆమెను గడప మీద నుంచి తోశాడు. మోచెయ్యి రాతికి కొట్టుకుని తోలు లేచింది. అమీనా బీ తలుపు వేసింది. సైదా బీ లేచి, మూసిన తలుపు ముందర నిలబడి, వీధిలో అందరికీ వినపడేటట్టు తిట్టవలసినంత తిట్టి, ఆఖరి బస్సు అందుకుంది.

ఆ మరుసటి ఎండాకాలం వెంకటేశులే ఆదోనికి వచ్చాడు. భుజాన ఒక దుప్పటి, చేతిలో గళ్ల కాగితం చుట్ట. సైదా బీ కూర్చోమనలేదు. అతనే గట్టు మీద కూర్చున్నాడు.

"మహబూబ్ బాషా కొత్తగా నెమలి దుప్పటి గీసినాడు. చూసినోళ్లంతా బాగుందన్యారు. బొంబాయి వ్యాపారి మూటలకు మూటలే అడిగినాడు. ఇప్పుడు అన్నీ తిప్పి పంపిచ్చినాడు." దుప్పటి విప్పి, నెమలి మెడ దగ్గర వేలు పెట్టి లాగాడు. పోగులు ఉచ్చుల్లాగా పైకి లేచాయి. "ఆయప్పను అడిగితే నేతగాళ్ల తప్పంటాడు. నేతగాళ్లను అడిగితే అట్టల తప్పంటారు. నువ్వు ఆ పొద్దు ఏమో అంటివే, నిలబడేట్టు జేసేది అని."

"ఆ పొద్దు మీకు నవ్వొచ్చె."

"ఇప్పుడు నవ్వేదానికి లేదు గదమ్మా. జేస్తావా?"

"ఇంగమీద నీ షెడ్డుకు అట్టలు నేనే కొట్టల్ల. అందరి ముందరా ఆ మాట సెప్పల్ల."

వెంకటేశులు కాగితం చుట్ట ఆమె ముందర పెట్టి, సరేనన్నాడు.

అతను పోయాక ఆమె కాగితం విప్పి నేల మీద పరిచింది. ఎవరో వెనక నుంచి పిలిస్తే నడక ఆపి, మెడ తిప్పి చూస్తున్న నెమలి. ఆ మెడ వంపు ఒక్క గీతగా దిగి రొమ్ములో కలిసిపోయింది. ఇన్నేళ్లలో మహబూబ్ బాషా ఇంత బాగా గీయలేదు. తన ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఏనుగులూ తామరలూ గీసినవాడు, అమీనా బీ ఇంట్లో కూర్చుని దీన్ని గీశాడు. ఆ సంగతి ఆమెకు మోచేతి దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

ఏం చెయ్యాలో చూడగానే తెలిసింది. ఈకలు మడత పడే చోట కట్టుచుక్కలు రెండు వరసలు పెడితే చాలు. పోగు పట్టుకుంటుంది, మెడ వంపు చెక్కు చెదరదు. ఆమె ఆ రెండు వరసలూ పెట్టింది. ఆగలేదు. మెడ పొడుగునా, పై నుంచి కింది దాకా, ఎక్కడ పడితే అక్కడ చిల్లులు ఎగ్గొడుతూ పోయింది. సుత్తి దెబ్బ దెబ్బకూ పళ్లు కొరుక్కుంది.

కొత్త అట్టలతో నేసిన దుప్పటి మీద పోగు ఒక్కటి లాగినా రాలేదు. కానీ మెడ ముక్కలు ముక్కలై, పొట్టిగా, ఈకలు పీకినట్టు కనిపించింది. నేతగాళ్లు దానికి కోడి దుప్పటి అని పేరు పెట్టారు. మహబూబ్ బాషా షెడ్డుకు వచ్చిన రోజు ఒకడు, "మాస్టరూ, గుడ్లు యానాడు పెడతాది?" అని అడిగాడు. మహబూబ్ బాషా మగ్గం మీది గుడ్డను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత సిరా బుడ్డి తీసి గోడకు కొట్టాడు.

"నా నెమలిని సంపింది ఆ ముండ," అన్నాడు వెంకటేశులుతో.

"నీ నెమలి చినిగిపాయె. ఆమె కోడి నిలబడె. నాకు నిలబడేది కావల్ల," అన్నాడు వెంకటేశులు. ఆ తర్వాత ఇచ్చిన మాట ప్రకారం, ఇకమీద అట్టలు సైదా బీ కొడుతుందని అందరి ముందరా చెప్పాడు. మాటా మాటా పెరిగి ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. నేతగాళ్లు విడదీశారు. ఆ నెల తిరక్కుండానే మహబూబ్ బాషా ఎవరికీ చెప్పకుండా షోలాపూరు బండెక్కాడు. కొన్నాళ్లు చూసి అమీనా బీ ఇంటికి తాళం పెట్టి గూడూరులో పుట్టింటికి పోయింది. కోడి దుప్పటి మాత్రం సంతల్లో బాగానే పోయింది.

సైదా బీకి చాలా రోజులు సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని ఆమె దాచుకోలేదు కూడా. ఎమ్మిగనూరులో అట్టల పని మొత్తం ఆమె చేతికి వచ్చింది. షెడ్డులోకి పోతే బెంచీ మీద చోటిచ్చేవాళ్లు. పిలిచేటప్పుడు మాత్రం మహబూబ్ బాషా ఇంటామె అనే పిలిచేవాళ్లు.

బొమ్మలతోనే చిక్కు వచ్చింది. ఏనుగు, తామర, కోడి. ఏళ్లు గడిచినా అవే. ఆమె కొట్టగలదు, సరిచేయగలదు, రెండు పాత బొమ్మలు కలిపి ఒకటి చేయగలదు. కొత్తది గీయలేదు. ఒకసారి పంతం పట్టి చిలకను గీసి తెస్తే, వీరమ్మ చూసి, "ఈ వంకాయకు ముక్కెందుకు అక్కా?" అంది. సైదా బీ రెండు నెలలు ఆమెతో మాట్లాడలేదు. అప్పటికి మరమగ్గాల దుప్పట్లు చవగ్గా దిగుతున్నాయి. కొత్త బొమ్మలు కావాలని వెంకటేశులు పోరడం మొదలుపెట్టాడు. బయట నుంచి ఒక డిజైనరును పిలిపిస్తానని, అట్టలు కూడా అతని మనుషులే కొడతారని ఒకరోజు మొహం మీదే చెప్పేశాడు.

ఆ రోజుల్లోనే, ఎనభై నాలుగులో, ఆదోని బస్టాండులో ఎమ్మిగనూరు బస్సెక్కి కూర్చున్న సైదా బీకి వెనక సీటులో దగ్గు వినపడింది. తల తిప్పకుండానే ఎవరో తెలిసింది. బస్సు ఊరు దాటింది.

"ఇంగా ఆ కోడి దుప్పటి నేస్తాండారంట," అన్నాడు మహబూబ్ బాషా.

"నేస్తాండారు."

"ఆ మెడకు రెండు వరసల సుక్కలు సాలు."

ఆమె కిటికీ బయటి జొన్న చేల వైపు మొగం తిప్పుకుంది.

"నువ్వు మెడంతా పెట్టినావు."

"పోగు నిలబడొద్దా?"

"నాకు సెప్పొద్దు. పని రాని మనిషైతే, పాపం తప్పు జేసింది అనుకుందును. నీ చేతికి తెలీకుండా ఒక్క సుక్క గుడక తప్పు పడదు. పగ బట్టి పెట్టినావు. ఆరేండ్లుగా అదే తలుసుకుంటాండా."

సైదా బీ చేతి గురించి అంత మాట ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ ఇంతవరకూ ఎవరూ అనలేదు. అన్న ఒక్కడూ పళ్లు నూరుతూ అన్నాడు.

"ఆ మాట ఆ పొద్దు షెడ్డులో అనాల్సింది," అంది. "దీపం బట్టుకునింది అంటివి."

"అంటి," అన్నాడు.

బస్సు ఒక ఊరిలో ఆగి మళ్లీ కదిలాక, గొంతు సవరించుకుని చెప్పాడు. షోలాపూరులో మిల్లు మూతపడింది. గీసే చెయ్యి ఇంకా ఉంది, గీసినదాన్ని కొట్టేవాళ్లు లేరు. అక్కడ ఇద్దరికిచ్చి చూశాడు, ఇద్దరూ బొమ్మల్ని నాశనం చేశారు. ఇక్కడ అతని ముఖం చూసి పనిచ్చే సావుకారి లేడు.

"నేను గీస్తా. నువ్వు కొట్టు."

"గీసి బస్సులో పంపు," అంది సైదా బీ. "మనిషి రావొద్దు. నా వాకిలి తొక్కొద్దు. దండకు పై అట్ట మీద రాసే పేరు నాది."

"బొమ్మ నాదైతే పేరు నీదెట్ల అయితాది?"

"కాగితం మీద నీ పేరు రాసుకో, ఎవురొద్దన్యారు. కాగితాన్ని మగ్గానికి ఎవురూ కట్టరు."

అతను పటపట పళ్లు కొరికాడు. ఎమ్మిగనూరు వచ్చింది. అతను వెనక తలుపు నుంచి దిగాడు, ఆమె ముందు తలుపు నుంచి దిగింది.

పది రోజులకు కండక్టరు ఒక కాగితం చుట్ట తెచ్చి ఇచ్చాడు. ఎమ్మిగనూరు అవతల నందవరంలో ఎవరో దగ్గే మనిషి ఎక్కించాడని చెప్పాడు. జొన్నకంకి మీద వాలిన రెండు చిలకలు. ఒకటి తింటోంది, ఇంకొకటి దాని కంకిని లాక్కుంటోంది. సైదా బీ ఒంటరిగా కూర్చుని ఆ కాగితాన్ని చూసి, మహబూబ్ బాషాను నోరారా తిట్టింది. అంత బాగుంది అది.

దగ్గరికి తీసి చూస్తే, ఎర్రగళ్ల మధ్య అక్కడక్కడ నీలం పెన్సిలుతో చుక్కలు ఉన్నాయి. కట్టుచుక్కలు అతనే పెట్టి పంపాడు, ఆమె అవసరం తనకు లేదన్నట్టు. ఆమె వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్క చూసుకుంటూ పోయింది. చాలా వరకు సరిగ్గానే ఉన్నాయి. రెండు చోట్ల తప్పు. చిలక రెక్క కింద ఒకటి, కంకి మొదట్లో ఒకటి. ఆ రెండూ సరిచేసి అట్టలు కొట్టింది. తప్పు ఉందని అతనికి కబురు చేయలేదు.

వెంకటేశులు ఆ చిలకల అట్టలు చూసి బయటి డిజైనరు మాట మానేశాడు. బొమ్మ ఎవరిదని అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ తర్వాత నెలకో చుట్ట, రెండు నెలలకో చుట్ట బస్సులో వస్తూనే ఉంది. ప్రతి దానిలో నీలం చుక్కలు, వాటిలో ఎక్కడో ఒకటి రెండు తప్పులు. అతని వాటా డబ్బులు ఆమె కండక్టరు చేతికే ఇచ్చి పంపేది. చుట్టలో ఒక్క మాట రాసి ఉండేది కాదు, ఆమె ఒక్క మాట చెప్పి పంపేది కాదు.

"మీరిద్దరూ కలిసినారంట గదా అక్కా?" అని వీరమ్మ ఒకసారి అడిగింది.

"ఎవురు జెప్పినారు నీకు?" అంది సైదా బీ. "వాని మొగం జూస్తే ఇప్పటికీ నాకు కడుపులో మండుతాది. ఆ దండ ఇట్లియ్యి, మూడో అట్ట చినిగింది."